గేటుకు ఇవతల

దేవరుప్పుల నుంచి జనగామకు బదిలీ అయిన పంతులు, భార్యతో కలిసి రెండు కిరాయి ఇళ్లు చూసి, స్టేషన్ ముందరి హోటల్ బల్ల మీద కూర్చున్నాడు. రెండు నెలల పాప ఆమె ఒడిలో నిద్రపోతోంది.

"దవాఖాన పక్కది తీసుకుందాం," అన్నాడు పంతులు.

"ఆడ బాయి లేదు, వాకిలి లేదు. పట్టాల అవతలి ఇల్లే మంచిగుంది."

"రైలు కూతకు పిల్ల ఉలిక్కిపడదా?"

"పడితే ఎత్తుకుంట. పక్కింటి అవ్వను చూసినవా? మనుమరాలిని కాళ్ల మీద పండబెట్టి ఎంత మంచిగ నీళ్లు పోస్తున్నదో. మన పిల్లకు గూడ పోస్తనన్నది."

"నువ్వు పోయరాదా?"

"ఊర్ల మా అవ్వ పోసేది. మెడ నిలవని పిల్ల, నాకు చేతులు వణుకుతయి."

ఆయన చాయ్‌ని సాసర్‌లో వంచుకుని, తాగకుండా చూస్తూ కూర్చున్నాడు.

"ఏందయ్యా, చల్లారుతున్నది."

"పెద్దోన్ని బండ్ల ఏసుకొని ఈ దవాఖానకే వస్తిమి. యాదికున్నదా?"

"ఎట్ల మరుస్త?"

"రైలు గేటు దాకా పానం ఉండె. గేటు పడ్డది. గూడ్సు పోయి, గేటు లేచేసరికి..."

ఆమె పాప మీది గుడ్డను సర్దింది.

"దవాఖాన పక్కదే తీసుకుందాం."

"మరి నీళ్లెవరు పోస్తరు?"

"నువ్వే. పోయి ఆ అవ్వ తాన నేర్చుకో."

"నేనా? నాకేం చేతనైతది?"

"ఆనాడు గేటు కాడ వాన్ని ఎత్తుకొని నిలబడ్డది నువ్వే. అప్పుడు గూడ నీ చేతులు వణకలే."