గుండుసూది సారు చివరి కోటు

ఆ కత్తెర ముట్టుకోకు తల్లీ, అక్కడే ఉండనీ. పదును పోయిందిలే, అయినా వేలు తెగుతుంది. నువ్వొచ్చింది బట్టల డిజైనింగు కాలేజీలో సీటొచ్చిందని చెప్పడానికి కదా, చెప్పావు, నాకూ సంతోషమే. మళ్ళీ ఆ రెండో ప్రశ్న ఎందుకు? ‘అమ్మమ్మ నీతో ఎందుకు మాట్లాడేది కాదు తాతయ్యా’ అని. దాన్నే అడగాల్సింది, పోయినేడు దాకా బతికే ఉందిగా మా చెల్లెలు. అడిగావా? ఏమంది? ‘ఆ కత్తెరనడుగు’ అందా? ఊఁ. అంటుంది, అంటుంది. నాలుగు మాటలు నోటిదాకా వస్తే మూడు మింగేసే మనిషి. సరే కూర్చో. ముందు ఆ తలుపు బార్లా తీసిపెట్టు. దుమ్మొస్తే రానీ, నా ఇంట్లో పగటిపూట తలుపేస్తే నాకు ఊపిరాడదు. చెప్తాను, కానీ ముందు ఆయన గురించి వినాలి. ఆయన లేకపోతే ఆ కత్తెరా లేదు, ఈ గొడవా లేదు.

ఆయనంటే గుండుసూది సారు. అసలు పేరు పెద్ద బోర్డు మీద బంగారు రంగులో ఉండేది, పలికినవాణ్ణి మాత్రం నేను చూళ్ళేదు. ఎదురుగా ‘సారు’, వెనక ‘గుండుసూది’. ఎప్పుడూ పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు బిగించుకుని మాట్లాడేవాడు మరి. తిట్టినా వాటి మధ్యనుంచే, పొగిడినా వాటి మధ్యనుంచే. ‘మాఫ్టారూ, భుఝం ఫావంగుళం దింఫండి!’ ఇదీ వరస. నవ్వకు. నేను ఆయనతో మెట్ల కింద ఒక్క మిషనుతో మొదలుపెట్టినవాణ్ణి. ఆయన కుట్టేవాడు, నేను కత్తిరించేవాణ్ణి. పదేళ్ళు తిరిగేసరికి మూడంతస్తుల మేడ, కింద అద్దాల షోరూము, మధ్యలో మా పనిగది, పైన ఆయన ఆఫీసు. అప్పట్నుంచి దర్జీ అనే మాట నోట రాకూడదు. ‘మనం ధర్జీలం కాధు మాఫ్టారూ, ఖళాకారులం!’ సరే బాబూ, కళాకారులం. పనిగది గోడకి ఇంత పెద్ద బోర్డు పెట్టించాడు, ‘ఇది దుకాణం కాదు, కుటుంబం’ అని. కుటుంబంలో అందరూ నిలబడి పనిచేసేవాళ్ళు, ఆయనొక్కడే కూర్చునేవాడు.

పని మాత్రం వచ్చు. ఆ మాట నేను కాదనను, కాదంటే నా కళ్ళు పోతాయి. మనిషి నడిచొస్తుంటే చూసి నడుం కొలత చెప్పేసేవాడు, టేపు వేస్తే సరిగ్గా అంతే ఉండేది. ఆయనకో అలవాటుండేది. ఆ అలవాటే కొంప ముంచింది, గుర్తుపెట్టుకో. పెద్దింటి ఆడవాళ్ళు కోటు కొనడానికొస్తే ముందు పైవైపు చూపించేవాడు కాదు. కోటుని గబుక్కున తిరగేసి, లోపలి లైనింగు వాళ్ళ చేతుల్లో పెట్టేవాడు. ‘పైన అందరూ కుడతారమ్మా. లోపల చూడండి. వేలితో తడమండి, ఒక్క ముడి తగిలితే నా పేరు మార్చుకుంటాను!’ అప్పుడు మాత్రం సూదులు తీసేసేవాడు, మాట తేనెలా ఉండేది. వాళ్ళు తడిమేవాళ్ళు, మురిసిపోయేవాళ్ళు. ఆ లైనింగులు ఆయనెప్పుడూ కుట్టలేదు. కుట్టింది మీ అమ్మమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ.

మీ అమ్మమ్మని అక్కడ పెట్టింది నేనే. భర్త పోయాడు, మీ అమ్మ ఇంకా చంకలో పిల్ల. నా ఇంటికే తెచ్చుకున్నాను ఇద్దర్నీ. ‘ఇంట్లో ఊరికే కూర్చుని నీ తిండి తినలేను అన్నయ్యా, పని చూపించు’ అంది. ఇరవయ్యారేళ్ళు దానికి. చేతిలో సూది ఎటు వెళ్ళి ఎటొచ్చేదో కనపడేది కాదు. సారు చూసి ‘మాఫ్టారూ, ఈవిడ చెయ్యి చెయ్యి కాదు!’ అన్నాడు. నేను ఉబ్బిపోయాను. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, నాకు అప్పట్లో ఒళ్ళు తెలిసేది కాదు.

ఆఁ, ట్రయలు గది. చెప్తున్నా కదా, తొందరెందుకు. పనిగదిలో ఓ మూల ఉండేది. నా బల్లకి సరిగ్గా ఎదురుగా, నాలుగడుగులు. కొనేవాళ్ళు రోజూ వచ్చి నిలబడలేరుగా, అందుకని వాళ్ళ బదులు మా ఆడవాళ్ళలో ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని నిలబెట్టి, కోటు తొడిగి, సూదులు గుచ్చి సరిచూసేవాడు. ఇది అన్నిచోట్లా ఉన్నదే. గడియ వేసుకోవడం మాత్రం అన్నిచోట్లా ఉన్నది కాదు. ఒకర్ని పిలిచేవాడు, లోపలికెళ్ళేముందు నా వైపు తిరిగి, ‘మాఫ్టారూ, మీ ఖత్తెర ఆడుతూ ఉండాలి, ఆ ఛప్పుడు వింటేనే నాకు చెయ్యి ఆడుతుంది!’ అనేవాడు. నాకెంత గొప్పగా ఉండేదో! అంత పెద్దమనిషికి నా కత్తెర చప్పుడు కావాలట. ఇంటికొచ్చి చెప్పుకునేవాణ్ణి కూడాను, మీ అమ్మమ్మ ముందే చెప్పుకునేవాణ్ణి. అది వినేది. అన్నం పెట్టేది.

తెలియదా అంటే... ఏం చెప్పమంటావు. బయటికొచ్చిన ఆడది తల వంచుకుని మిషను దగ్గరికెళ్ళి దారం ఎక్కించలేక పదిసార్లు తడబడితే, రోజూ దారం ఎక్కించే మనిషి, దాన్ని ఏమనుకోవాలి? కళ్ళు మసకలు అనుకున్నాను. ఎవరో మానేస్తే పెళ్ళి కుదిరిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది, అంతే.

ఇంక ఆ రోజు. ఆయన దుకాణం పెట్టి పాతికేళ్ళయిందని పెద్ద ప్రదర్శన. కింద షోరూము నిండా కుర్చీలు, ముందు వరసలో జడ్జిగారి భార్య, పత్రికలవాళ్ళు, డాక్టర్లు. మమ్మల్నందర్నీ గోడ వెంబడి నిలబెట్టారు, కుటుంబం కదా. ఆయన సూదులు లేకుండా వచ్చి ఉపన్యాసం మొదలెట్టాడు. ‘నా జీవితమంతా స్త్రీ గౌరవానికి అంకితం’ అన్నాడు. నిజంగా అన్నాడే, నా చెవులతో విన్నాను! చప్పట్లు. అప్పుడు ఆ కోటు తెప్పించాడు. పైన ముదురు నీలం, లోపల లేత పసుపు పట్టు లైనింగు. ఆరు నెలలు పట్టింది దానికి. ఎప్పటిలాగే గబుక్కున తిరగేసి జడ్జిగారి భార్య ఒళ్ళో పెట్టాడు. ‘తడమండమ్మా, ఒక్క ముడి తగలదు!’

ఆవిడ తడిమింది. ‘ఇవేమిటండీ, గరుగ్గా తగులుతున్నాయి?’ అంది. ఆయన నవ్వాడు. నలుగురిలో కళ్ళజోడు పెట్టుకుంటే వయసు తెలుస్తుందని పెట్టుకునేవాడు కాదు, దగ్గరివి ఏవీ కనపడవు. ‘అది మా వాళ్ళ పనితనం’ అన్నాడు. ఆవిడ వెలుతురుకి వంచి చూసి, ‘అయ్యో, అక్షరాలండీ! పసుపు దారంతో ఎంత సన్నగా కుట్టారో! కవిత్వమేమో!’ అంది. ‘పైకి చదవండమ్మా, అందరూ వింటారు’ అన్నాడు ఈయన. చదవమన్నాడే తల్లీ! చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు అరమూసి నిలబడ్డాడు, వాళ్ళావిడ పక్కన. జడ్జిగారి భార్య గొంతు సవరించుకుని రాగం తీస్తూ చదివింది. ‘సోమవారం. కొలత తీసుకోవాలన్నారు. టేపు బయట బల్లమీదే ఉంది.’ ఎవరో చప్పట్లు కొట్టారు కూడాను. ‘శుక్రవారం. ఏడిచాను. మొహం తుడుచుకుని వెళ్ళమన్నారు.’ ఆ రెండో దానికి ఆవిడ రాగం పోయింది. మూడోది పైకి చదవలేదు. కళ్ళతో చదువుకుంది. కోటు ఒళ్ళోంచి తీసి, ఏదో పాకుతున్నట్టు పక్క కుర్చీలో పెట్టి, లేచి నిలబడింది. పత్రికలవాళ్ళు కోటు మీద పడ్డారు. పదకొండు వరసలు, పదకొండు చేతిరాతలు. సారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఏం జరిగిందో ఆయనకే ఆఖర్న తెలిసింది. గోడ వెంబడి ఉన్న పదకొండు మంది ఆడవాళ్ళూ ముందే కిందికి తెచ్చుకున్న కత్తెరా సూదులపెట్టే ఎవరివి వాళ్ళు తీసుకుని షోరూము మెట్లు దిగిపోయారు. మీ అమ్మమ్మ నాకెదురుగానే వెళ్ళింది. నా వైపు చూసింది. నేను కోటు వైపు చూశాను.

తర్వాత అంతా పోయాక ఆ కోటు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాను. ఆఖరి వరస దాకా చదివాను. ఏముందా? ఆగు. వరసగా చెప్పనీ, లేకపోతే నేను తికమకపడతాను.

మర్నాడే విచారణ సంఘం. ఎవరు వేశారనుకున్నావు? ఆయనే! అధ్యక్షుడు ఆయన బావమరిది, సభ్యుడు ఆయన ఇంటి డాక్టరు, పక్కన ఆయనే కూర్చున్నాడు, ‘నిష్పక్షపాతంగా జరుగుతోందో లేదో ఛూడ్డానికి’ అంటూ. సూదులు మళ్ళీ నోట్లోకి వచ్చేశాయి. ‘ఇది దుకాణం కాదు’ బోర్డు కిందే బల్ల వేశారు. ఆడవాళ్ళలో చాలామంది రాలేదు, మీ అమ్మమ్మ వచ్చింది, మీ అమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావమరిది నన్ను పిలిచాడు. ‘మాస్టారూ, ఆ గది ముందు ఇన్నేళ్ళు పనిచేసింది మీరు. ఎప్పుడైనా ఏమైనా వినపడిందా?’ అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మీ అమ్మమ్మ కూడా. ‘కత్తెర చప్పుడండీ... ఏమీ వినపడేది కాదు’ అన్నాను. అంతే అన్నాను. వాళ్ళు ఆ మాట పట్టుకుని కాగితం రాశారు. గది ముందు కత్తెర చప్పుడు ఎక్కువ కాబట్టి ఏమీ వినపడలేదు, వినపడలేదు కాబట్టి ఏమీ జరగలేదు. చదువుకున్నవాళ్ళు రాసిన కాగితమే తల్లీ అది! సంతకాలు కూడా ఉన్నాయి.

నేనెందుకలా అన్నానంటావా? మీ అమ్మమ్మ పేరు బయట పడకూడదని. భర్త పోయిన మనిషి, చంటిపిల్ల తల్లి, లోకం నోరు మంచిది కాదు, అందుకని. ఇంటికొచ్చి అదే చెప్పాను, ‘నీ కోసమే అబద్ధమాడానే’ అని. ‘నేనడిగానా అన్నయ్యా?’ అంది. పిల్లని ఎత్తుకుంది, చెప్పులేసుకుంది. తలుపు వెయ్యలేదు, తీసే ఉంచి వెళ్ళింది. ముప్పయ్యెనిమిదేళ్ళు. మధ్యలో మీ అమ్మ పెళ్ళికి నేను ఆఖరి వరసలో కూర్చుని వచ్చేశాను, భోజనానికి ఉండమన్నవాళ్ళు లేరు.

సారు సంగతా? ఆ కాగితం ఎవడు నమ్ముతాడే! పత్రికల్లో మొత్తం వచ్చింది. కోట్లు కొన్న ఆడవాళ్ళంతా ఇంట్లో కూర్చుని లైనింగులు విప్పుకుని చూశారు. ఏమీ లేని కోట్లు కూడా తెచ్చి షోరూము మెట్ల మీద పడేసి పోయారు. లైనింగు కుట్టేవాళ్ళు లేక సగం కోట్లు హ్యాంగర్లకి అలాగే వేలాడాయి. పదకొండు మందీ కోర్టుకెక్కి, పేర్లు చెప్పి, ముఖాలు చూపించి చెప్పారు. మీ అమ్మమ్మ కూడా! నేను దాచిన పేరు అదే ఎలుగెత్తి చెప్పింది. నన్ను మాత్రం సాక్ష్యానికి పిలవలేదు. నాకేమీ వినపడలేదని కాగితం ఉందిగా. ఆయనకి జైలు పడింది. వాళ్ళావిడ బోర్డు దింపించి మేడ అమ్మేసింది. తిరిగొచ్చాక ఓ సందులో చిన్న గదిలో పాంట్ల కాళ్ళకి మడతలు కుట్టాడు. పెద్ద కళాకారుడు! చినిగిన జేబు కుట్టించుకునేవాళ్ళు కూడా ఆడవాళ్ళని తోడు తెచ్చుకునేవాళ్ళు కాదు.

పోయేముందు ఒకసారి ఇక్కడికొచ్చాడు, ఇదిగో, నువ్వు కూర్చున్న కుర్చీలోనే. ఈ కత్తెర, నేను పాతికేళ్ళు ఆడించిన కత్తెరే, జైలుకెళ్ళేముందే దాచి ఉంచాడట. నా చేతిలో పెట్టాడు. నోట్లో సూదులు లేవు, పళ్ళు కూడా సరిగ్గా లేవు, అయినా ప్రతి మాటా శుభ్రంగా వినపడింది. ‘మాస్టారూ, లోకమంతా నన్ను వదిలేసింది. నా పక్కన నిలబడింది మీరొక్కరే’ అన్నాడు. దణ్ణం పెట్టాడు! నన్ను ఎవరూ అంత మాట అనలేదమ్మా, తిట్టినవాళ్ళు కూడా. విసిరి కొట్టాల్సింది. పుచ్చుకున్నాను. ఆ మేకుకి తగిలించాను. అప్పట్నుంచి అక్కడే ఉంది, దాని కింద నేనున్నాను.

ఆఖరి వరస. ఊఁ. పేరు లేదు దానికి. అక్కర్లేదు. అక్షరాలు కుడివైపు ఒరిగి ఉంటాయి మా చెల్లెలివి, చిన్నప్పుడు పలక పట్టించింది నేనే. ‘బుధవారం. తలుపు లోపల్నుంచి కొట్టాను. అన్నయ్య కత్తెర ఇంకా గట్టిగా ఆడింది.’ అంతే.

విన్నాను తల్లీ. కొట్టడం విన్నాను. ఆ బుధవారం నా బల్లమీద బట్ట లేదు. కాగితం ముక్క కూడా లేదు. ఉత్త కత్తెర ఆడించాను.

...ఏం, లేచావేం? కాలేజీ ఎప్పుడు మొదలు? కాస్త కాఫీ... సరే, సరే, వెళ్ళు. ఆ చెప్పులు మరీ పలచగా ఉన్నాయే, కొత్తవి కొనుక్కో. తలుపు... తలుపు వెయ్యకు తల్లీ.