బుడగలు తేలిన తొట్టి, ఊడిన పైపు

నన్ను అందరూ చిన్నోడు అంటారు. ఆ పేరు పెట్టింది మా అక్క. నా వయసు నలభై ఏడు. వెల్డింగ్ షాపు నడుపుతాను. అక్క బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతుంది. నన్నెవరూ పిలిపించలేదు, నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

సోమవారం సాయంత్రం అయిదున్నరకు అక్క షాపుకు వచ్చింది. గ్యాసుల పాఠం ఉందనీ, పిల్లలకు చూపించడానికి బడిలో ఏమీ లేవనీ చెప్పింది. ముందు నేను ఎసిటిలీన్ ఇస్తానన్నాను.

"అది భగ్గుమంటుందిరా! వాళ్లు పిల్లలనుకున్నావా, ఇనప కడ్డీలనుకున్నావా?" అంది.

"పోనీ ఆక్సిజన్ తీసుకో."

"అగ్నికి ఆజ్యం పోసినట్టే. అంటుకోనిదీ, అంటించనిదీ చూడు."

కార్బన్ డయాక్సైడ్ చూపించాను. అది మంటను ఆర్పుతుంది, గాలికన్నా బరువు. "ఇదే కావాలి" అంది. అయినా గదిలో ఎక్కువైతే ఊపిరాడదని, కిటికీలు తెరిచి ఉంచాలనీ, సిలిండరును వరండాలోనే స్తంభానికి గొలుసుతో కట్టాలనీ, పిల్లలెవరూ తొట్టిలో తల పెట్టకూడదనీ కాగితం మీద రాసుకుంది. మొత్తం తొమ్మిది జాగ్రత్తలు. అన్నీ నా చేత పైకి చదివించింది.

బుధవారం ఉదయం పదకొండింటికి బడిలో గాజు తొట్టిలోకి పైపుతో కొద్దికొద్దిగా గ్యాసు వదిలాం. అక్క పైనుంచి సబ్బు బుడగలు ఊదింది. అవి అడుక్కి చేరలేదు. మధ్యలోనే, ఏమీ లేనిచోట, ఆగి నిలబడ్డాయి. ముప్పై నలుగురు పిల్లలు మెడలు సాచి చూశారు. నేనూ అంతే. ఏడో తరగతి తప్పినవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఆ సిలిండర్లు మోస్తున్నాను, లోపల ఏముందో ఆ రోజే చూశాను.

పదకొండు ఇరవైకి సిలిండరు దగ్గర పైపు ఠప్పున ఊడింది. తెల్లటి పొగలాంటిది వరండాలోకి చిమ్మింది. కాపలాదారు "బాంబు! బాంబు!" అని అరిచాడు. పిల్లలు పరుగు తీశారు. ముందు బెంచీ అమ్మాయి గడప తగిలి పడింది, పెదవి చిట్లింది. నేను వాల్వు కట్టేసి, ఆ పిల్లను ఆస్పత్రికి ఎత్తుకెళ్లాను. రెండు కుట్లు పడ్డాయి. కుట్లు వేయడం అయిందో లేదో, "అంకుల్, ఆ బుడగ కిందికెందుకు పోలేదు?" అని అడిగింది. "నాకు రాదమ్మా, మీ టీచర్ని అడుగు" అన్నాను.

ఫిర్యాదు ఇచ్చింది ఆ పిల్ల నాన్నగారు. ఆయన కోపం న్యాయమే.

పైపు బిగించింది తానేనని నిన్న అక్క ఇక్కడికి వచ్చి చెప్పిందట. ఆమె పొరపాటుగా చెప్పింది. అక్కకు పైపు ఊడకుండా పట్టే క్లిప్పు బిగించడం రాదు. ఇంట్లో కొళాయి కారినా నన్నే పిలుస్తుంది. బిగించింది నేను. కొత్త క్లిప్పు వేయమని అక్క రెండుసార్లు చెప్పింది. "రాయిలా ఉందక్కా" అని పాతదే వేశాను. చిన్నప్పుడు నేను పక్కింటి కిటికీ పగలగొడితే తానే పగలగొట్టానని చెప్పి దెబ్బలు తింది. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. కేసు ఏదైనా ఉంటే నా మీద రాయండి. ఆమెను పాఠం చెప్పుకోనివ్వండి.

నేను చెప్పినదంతా రాసి, నాకు చదివి వినిపించారు. అంతా నిజం, ఎవరి బలవంతమూ లేదు. ఒక్క మార్పు చేయించాను. అక్క గురించి మొదట "అబద్ధం చెప్పింది" అని రాయించాను. మీరు పైకి చదువుతుంటే ఆ మాట వినలేకపోయాను. దాన్ని కొట్టేయించి "పొరపాటుగా" అని పెట్టించాను. అక్కడ కూడా సంతకం చేశాను.

(సంతకం)