బ్రేకు గాలి

కోవిల్‌పట్టిలో, ఇల్లుగా మార్చుకున్న పాత బస్సులో కూర్చుని డ్రైవరు భార్య జిగురుతో అగ్గిపెట్టెలు అతికిస్తోంది. పక్కన మనవరాలు నిద్రపోతోంది. డ్రైవరు స్టీరింగు ముందు సీట్లో కూర్చున్నాడు.

"మామా, ఇంజను వేయొద్దు, బిడ్డ లేస్తాది."

"నువ్వు ఇంజను వద్దంటివనే ఇది వెతికితి. విరుదునగర్‌లో దొరికె, పాత ఫ్రిజ్జు కంప్రెసరు. పొద్దుటి నుంచి ట్యాంకుకు గాలి ఎక్కతా ఉండాది. సద్దు వింటివా?"

"లేదే! కదలని బండికి గాలి ఎందుకు?"

"బ్రేకుకు. మీ ఊరి మలుపులో నీకోసం రోజూ బుస్సుమనిపిస్తి కదా."

"అది వింటానే బిందె ఎత్తుకొని రోడ్డుకు పరిగెత్తుదును. అమ్మ తిట్టేది."

"ఇప్పుడు తొక్కనా?"

"బిడ్డ లేస్తే?"

"లేస్తే నేను ఎత్తుకుంటా."

ఆమె జిగురు చేతులు తుడుచుకుంది. ఖాళీ బిందె చంకనెత్తుకుని, బస్సు దిగి రోడ్డు వైపు నడిచింది.