జంపయ్య గోడ మీది పిల్ల

జంపయ్యనా? ఆయన పోయి చానా ఏండ్లాయె, నీకెవరు జెప్పిన్రు శ్రావణీ? కూసో, చెప్త. మన పర్ణశాల అవతల అడివంచు గూడెం ఆయనది. బొమ్మలు ఎవ్వరు నేర్పలే. పండుగ ముందు గోడ అలికినంక, తడి మట్టి మీద వేలితోనే జింకను దింపేటోడు, పరుగుతోని సహా. ఏటేటా అలుకుడుతోని పాతది పోవాలె, కొత్తది రావాలె. పోతదన్న బాధ లేకుండె అప్పుడు. తర్వాత దుకాణాలకు బోర్డులు రాయవట్టె. నా టెంకాయల కొట్టు బోర్డు మీద గూడ రాముణ్ని రాసిండు. క్యాలెండర్లు జూసి వెలుగు, నీడ పట్టిండు. "రామునికి మీసాలేంది జంపయ్యా, మీ బావమరిదిని జూసి గీసినవా?" అని నేనంటె, "దేవుడు నాకు ఫొటో ఇయ్యలే గద సేటూ" అనేటోడు.

ఆయన బిడ్డ సరళ, బడికి పోయే ఈడుది, జరమొచ్చి పోయింది. దవాఖానకు ఎత్తుకపోతుంటె తొవ్వల్నే. ఆ పిల్లకు ఫొటో అన్నదే లేదు. బోర్డుల కోసం తెచ్చిన ఎనామిల్ రంగు డబ్బాలు తీసి, ఇంటి గోడ మీద దాని మొఖం రాసిండు. అచ్చం అదే! పండుగకు ఆయన పెండ్లాం కళావతి మట్టి కలుపుకొనొస్తె అడ్డం నిలబడ్డడు. "చావొచ్చిన ఇల్లు అలకకుంటె ఎట్లయ్యా?" "అలికితె పిల్ల మల్ల పోతదే. ఇది నూనె రంగు, ఎన్నటికీ పోదు." కని మట్టిగోడకు ఊపిరాడాలె బిడ్డా. వానకు లోపల నానింది, పైన రంగు బిగవట్టింది. ఒక పొద్దుగాల మొఖమంత పెచ్చులుగ ఊడొచ్చింది. చేతులడ్డం పెట్టిండంట. మట్టే మిగిలింది చేతుల్ల.

ఆ మీదట ఎనామిల్ ముట్టలే. మట్టి, సున్నం, బొగ్గు, గంతే. ఏటేటా కళావతి అలికేది, ఆయన సరళను మల్ల గీసేటోడు. ఒక ఏడు పెద్ద కండ్లు. ఇంకో ఏడు వట్టి చుక్కలు. పోను పోను ముక్కు లేదు, నోరు లేదు. జడ, గౌను, గుండ్రని తల. ఖమ్మం నుంచి బొమ్మల గురించి తెలిసిన ఒక సారొచ్చి, "ఎంత ఎదిగినవయ్యా! అక్కరలేనిదంత తీసేసినవ్, గొప్ప శైలి" అని మెచ్చుకున్నడు. నేనాడ్నే ఉన్న. సారు కారు పోయినంక కళావతి దిక్కు తిరిగిండు. "ఏమే, పిల్ల ఎట్లుండేదే?"

ఆమె చాట కింద పెట్టి గోడ దిక్కు జూసింది. "నువ్వు గీసిందే యాదికున్నది నాకు" అన్నది.

...అన్నం తిని పోతవా బిడ్డా, బస్సుకు యాళ్లయితదా?