ఉన్నది ఉన్నట్టు

భర్త పోయిన మర్నాడు పెద్దావిడ ఆసుపత్రి గదిలో ఆయన కొత్త చెప్పులు సంచిలో సర్దుతోంది. భాష తెలియని ఆ ఊళ్లో డాక్టరు మాటలు ఇలాంటి రోగులకు సొంత భాషలో చెప్పే ఉద్యోగం చేసే అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది.

“పిన్నిగారూ, డాక్టరు ఆ రోజు బాబాయిగారు బతికేది రెండు నెలలే అన్నాడండి. నయం కావడానికి టైము పడుతుందని నేనే మార్చి చెప్పాను.”

“ఎందుకమ్మా?”

“ఇక్కడ రోగికే మొహమ్మీద చెప్పేస్తారు. మన వైపు అలా చెప్పం కదండీ. బాబాయిగారు నవ్వుతూ చూస్తుంటే నోరు రాలేదు.”

“లేచి తిరిగాక ఈ చెప్పులేసుకుని తమ్ముడింటికి వెళ్తానన్నారు. పదేళ్లుగా మాటల్లేవు. మూతి ముడుచుకోవడంలో ఇద్దరూ ఇద్దరే. తెలిసుంటే ఆ రోజే కబురు పెట్టేవారు.”

“తప్పు చేశానండి.”

“డాక్టరు మొహం చూసి నాకూ అనుమానమొచ్చింది. మన పిల్ల చెప్పింది కదా అని ఊరుకున్నా.”

“మీ మరిదిగారు వచ్చారా?” అంది అమ్మాయి.

“కింద ఉన్నాడు. అన్నకి ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని డాక్టర్నే అడుగుతాడట. వాడికీ ఇక్కడి భాష రాదు.” ఆవిడ సంచి భుజాన వేసుకుంది. “పద. ఈసారి డాక్టరు ఏమంటే అదే చెప్పు.”