పెట్టె మీద పేరు

కింద ఉత్తరాల పెట్టె చూసి నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది భార్య. భర్త సింకు దగ్గర చేతులు రుద్దుకుంటున్నాడు.

"ఏవండీ, పెట్టె మీద మీ పేరొక్కటే ఉంది. నా పేరేమైంది?"

"ఊడిపోయుంటుంది."

"ఊడలేదు, ఎవరో గీకేశారు. పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడని ఈ దేశం వచ్చిన కొత్తలో మీరే చెప్పారుగా?"

"చెప్పానేమో. అయితే ఏంటట?"

"అయితే ఏంటంటారేంటి? నా వీసా కార్డు ఈ వారమే రావాలి. అది చేతికొస్తేనే నన్ను ఉద్యోగంలో చేర్చుకుంటారు."

"ఇంట్లో నీకేం తక్కువైందని ఉద్యోగం?"

"ఆ మాట తర్వాత. ముందు చీటీ రాసి అంటించొస్తా... అదేంటండీ, మీ గోళ్ల నిండా జిగురు?"

"సబ్బుకి పోవడం లేదే. ఆ తలుపు వేసి, తాళంచెవులు ఇటివ్వు."