రెండో చరణంలో కూరగాయలు

ఆదివారం మధ్యాహ్నం. హాంకాంగ్‌లోని ఆ బారు, ఇళ్లలో పనికి సెలవు దొరికిన ఫిలిప్పీన్స్ ఆడవాళ్లతో కిక్కిరిసి ఉంది. విరామంలో నీళ్లు తాగుతున్న తమ దేశపు గాయకుడి దగ్గరికి ఒకామె వచ్చింది.

"తమ్ముడూ, ఇందాక చీటీ రాసిచ్చింది నేనే. ఆ పాట మళ్లీ పాడు."

"ఏమక్కా, తప్పు పాడానా? అచ్చం రికార్డులా దించేశానే!"

"అదే తప్పు. మా ఊళ్లో పెళ్లిళ్లకి మా ఆయన రొడెల్ పాడేవాడు. రెండో చరణం ఏనాడూ గుర్తుండి చావదు."

"మరేం చేసేవాడు?"

"నా వంక చూస్తూ, మర్నాడు సంతలో కొనాల్సిన కూరగాయల పేర్లతో రాగం తీసేవాడు."

అతనికి నవ్వు ఆగలేదు.

"ఇప్పుడెక్కడున్నాడు బావ?"

"టూరిస్టుల ఓడలో పాడుతున్నాడు. మొన్న వీడియో పంపాడు. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఎవడో పరాయివాడు పాడినట్టుంది."

"మాటలు మారిస్తే ఉద్యోగం ఊడుతుందక్కా. బావకైనా, నాకైనా. అదిగో, మా మేనేజరు అక్కడే కూర్చున్నాడు."

"సరేలే. నీ పొట్ట కొట్టడం నాకెందుకు?"

ఆమె వెనుదిరిగింది. అతను గ్లాసు కింద పెట్టి, మేనేజరు వైపు ఒకసారి చూశాడు.

"అక్కా, ఆగు. ముందు వంకాయా, కాకరకాయా?"